గిబ్ రివర్ రోడ్డుకు కారవానా, కారు మీద టెంటా?

పశ్చిమ ఆస్ట్రేలియాలో డెర్బీ నుంచి కునునర్రా వైపు వెళ్లే గిబ్ రివర్ రోడ్డు సుమారు 660 కిలోమీటర్లు. చాలా భాగం మట్టిదారే, అదీ రేకుల కప్పులా గతుకులు గతుకులుగా. కారు వెనక తగిలించుకునే చక్రాల ఇల్లు, అంటే మామూలు కారవాన్‌ను లాక్కెళ్తే ఆ కుదుపులకు అల్మరా స్క్రూలు వదులవుతాయి, సందుల్లోంచి ఎర్రదుమ్ము దూరి దుప్పట్ల మీద పేరుకుంటుంది. పెంటెకోస్ట్ నది దగ్గరైతే ఇంకా టెన్షన్: వంతెన లేదు, మొసళ్లున్న నీళ్లు, లోతు చూద్దామని దిగడానికి లేదు.

కారు పైన బిగించే టెంటుతో వెనకాల లాగే బరువుండదు. టైర్లలో గాలి కాస్త తగ్గించి హాయిగా సాగిపోవచ్చు. కాకపోతే కారు కదలాలంటే ప్రతిసారీ టెంటు మడవాల్సిందే. ఇద్దరే అయితే నా ఓటు టెంటుకే. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు అర్ధరాత్రి ఆ టెంటు నిచ్చెన దిగలేరు. వాళ్లతో అయితే మట్టిదారికి తగ్గ గట్టి సస్పెన్షన్ ఉన్న కారవానే తీసుకోండి.