ఆస్కార్ లైవ్: కవరు విప్పకముందే పక్కింట్లో కేకలు

ఆస్కార్ వేడుకని తెల్లవారుజామున లేచి లైవ్‌లో చూడటం నాకు చాలా ఏళ్ల అలవాటు. డీటీహెచ్‌లో చూశాను, లాప్‌టాప్‌లో చూశాను, తర్వాత టీవీలో యాప్ పెట్టుకుని చూశాను. రెడ్ కార్పెట్ గురించి, యాంకర్ జోకుల గురించి రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, అది వాళ్లకే వదిలేస్తాను. నా గోల ఒక్కదాని గురించే. నామినీల పేర్లు చదివేశాక, కవరు విప్పి గెలిచినవాళ్ల పేరు చెప్పేలోపు నాలుగైదు సెకన్లుంటాయే, అవి. మూడున్నర గంటల తంతులో నేను నిద్ర చెడగొట్టుకునేది వాటికోసమే. యాప్‌లో చూసేవాడికి చేజారేవి కూడా సరిగ్గా అవే.

నటీనటుల అవార్డులప్పుడు చూడండి. తెర ఐదు గళ్లవుతుంది, ఒక్కో గడిలో ఒక్కో మొహం. పేరు చెప్పగానే నెగ్గినవాళ్ల మీదికి కెమెరా వెళ్లిపోతుంది. అంతకుముందు ఓ అర సెకను మిగతా నలుగురూ కనిపిస్తారు. చప్పట్లకి చేతులు లేచేస్తాయి గానీ మొహం ఇంకా సర్దుకుని ఉండదు. ఆ ఏడాది వాళ్లు చేసిన అసలు నటన అదేనేమో అనిపిస్తుంది నాకు. 2024లో ఒక్కో విభాగానికీ ఐదుగురు పాత విజేతల్ని వేదికెక్కించి, ఒక్కో నామినీని ఒక్కొక్కరి చేత పొగిడించారు. అందరూ ఆహా ఓహో అన్నారు. నాకు మాత్రం పొగడ్తలకంటే, సినిమాలోంచి ఓ ముక్క వేసి చూపించే పాత పద్ధతే బాగుండేది. ఆ సినిమా చూడనివాడికి ఎవరెందుకు పోటీలో ఉన్నారో అర్థం కావాలి కదా.

మా చుట్టాల్లో సినిమా పిచ్చోళ్లందరికీ ఓ వాట్సాప్ గ్రూపుంది. నామినేషన్లు జనవరిలో మనకి సాయంత్రం ఏడింటికి చదువుతారు. అప్పుడు లాస్ ఏంజెలెస్‌లో తెల్లవారుజాము ఐదున్నర. అంటే జనవరిలో నిద్ర వాళ్లది పోతుంది, మార్చిలో మనది. ఆ సాయంత్రం నుంచే మా పందేలు మొదలు. ప్రతి విభాగానికీ రెండు పేర్లు రాయాలి: ‘రావాల్సింది’, ‘వచ్చేది’. రెండూ ఒకటే రాసేవాడికి గ్రూపులో మర్యాద తక్కువ.

2023లో పాట దగ్గరే అసలు గొడవంతా. ‘నాటు నాటు’కి ఎదురుగా లేడీ గాగా, రియానా, ఎన్నిసార్లు నామినేట్ అయినా పోటీలో ఒక్కసారీ నెగ్గని పాటల రచయిత్రి డయాన్ వారెన్. గోల్డెన్ గ్లోబ్ వచ్చింది, క్రిటిక్స్ చాయిస్ కూడా వచ్చింది, ఇంకేంటని మా పిన్ని కూతురు. ‘గ్లోబ్‌కి ఓటేసేవాళ్లు వేరు, ఆస్కార్‌కి వేసేవాళ్లు వేరు, ముందే సంబరపడకండి’ అని డల్లాస్ నుంచి మా బావ. మధ్యలో మావయ్యకి వేరే అనుమానం: ఇండియా తరఫున పంపింది గుజరాతీ సినిమా ‘ఛెల్లో షో’ని అయితే, మన పాట పోటీలోకి ఎలా వచ్చిందని. దేశానికో సినిమా అన్న లెక్క అంతర్జాతీయ చిత్రం విభాగానికే. పాట మామూలు దారిలో వెళ్లి, పదిహేను పాటల వడపోతలో నిలిచి, చివరి ఐదింటిలోకి వచ్చింది. ఇది ఆయనకి ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు.

ఆ సోమవారం ఐదున్నరకి అందరం హాజరు. యాప్‌లో బొమ్మ అద్దంలా ఉంది. డాక్యుమెంటరీ షార్ట్ ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’కి వచ్చింది. నిర్మాత గునీత్ మోంగా నోరు తెరిచేసరికి సంగీతం మొదలెట్టి దించేశారు, అప్పుడే సగం బీపీ పెరిగింది. దీపికా పదుకోణె వచ్చి పాటని పరిచయం చేసింది, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడారు, హాలంతా లేచి నిలబడింది. ముందు వరసలో ఆడిన ఇద్దరూ మనవాళ్లు కాకపోవడం మీద గ్రూపులో ఓ చిన్న యుద్ధం నడిచింది. అది ఇప్పటికీ తెగలేదు.

తర్వాత జానెల్ మొనే, కేట్ హడ్సన్ వచ్చారు. ఐదు పాటల పేర్లు చదివారు. కవరు మీద చెయ్యి పడింది. తెర మధ్యలో గుండ్రం తిరగడం మొదలైంది.

తిరుగుతోంది. రిమోట్ ముట్టుకుంటే ఏమవుతుందోనని నేను ముట్టుకోలేదు. మా అబ్బాయి రూటర్ వైపు పరిగెత్తాడు. ఈలోపు పక్కింట్లోంచి ‘వచ్చేసిందే!’ అని ఒక కేక, ఆ వెనకే ఈలలు. వాళ్లు ఆస్కార్ చూడటం లేదు, తెలుగు వార్తా ఛానల్ పెట్టుకుని కాఫీ తాగుతున్నారంతే. ఫోన్ చూస్తే బావ పెట్టిన దండాల బొమ్మలు వరసగా. ఆయనది యాంటెన్నా మీద వచ్చే టీవీ, మాకంటే ఎప్పుడూ ముందుంటాడు. మా తెర కదిలేసరికి కీరవాణి గారు మైకు ముందు నిలబడి, కార్పెంటర్స్ అనే పాత అమెరికన్ బృందం పాట వరసలో తన మాటలు పాడుతున్నారు. పక్కన చంద్రబోస్ గారు. కీరవాణి గారి కొవ్వూరు మాకు గోదావరి అవతలి గట్టు. ఆ గట్టున పుట్టినాయన పేరు డాల్బీ థియేటర్‌లో పిలిచిన ఆ క్షణాన్ని నేను పక్కింటివాళ్ల గోడలోంచి విన్నాను. తర్వాత యూట్యూబ్‌లో ఎన్నిసార్లు చూశానో. ఫలితం తెలిసి చూస్తే గుండె కొట్టుకోదు కదండీ.

కస్టమర్ కేర్‌కి రాస్తే, ఆ సమయంలో చూసేవాళ్లు ఎక్కువయ్యారని జవాబొచ్చింది. పెళ్లికి జనం ఎక్కువొచ్చారు కాబట్టి తాళి కట్టేటప్పుడు దీపాలార్పేశాం అన్నట్టుంది.

బొమ్మ అద్దంలా ఉందన్నాను కదా, అది జనం లేచేదాకే. ‘లైవ్’ అన్న మాటకీ కొంచెం సర్దుబాటు చెప్పాలి: ఆగకుండా వచ్చినా యాప్ అర నిమిషం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ వెనకుంటుంది. 2017లో ఉత్తమ చిత్రానికి పొరపాటున వేరే పేరు చదివేశారు కదా, అప్పుడు లాప్‌టాప్‌లో చూస్తున్నాను. నా తెర మీద ‘లా లా లాండ్’ వాళ్లు ఇంకా కృతజ్ఞతలు చెప్పుకుంటుంటే, ‘ఆగండ్రా, వాళ్లది కాదట’ అని బావ మెసేజ్. ‘మూన్‌లైట్’ అన్న మాట నేను వాట్సాప్‌లోనే చదివాను.

2025లో టీవీ ఛానల్లో కూడా లైవ్ ఇచ్చారు, అందులో పెట్టుకున్నాను. ప్రకటనలు ఎక్కువ, బొమ్మ కాస్త మసక, కానీ కవరు విప్పేటప్పుడు ఎవరూ అడ్డం రాలేదు. ‘అనోరా’ నాయిక మైకీ మాడిసన్ పేరు చదివినప్పుడు నేనూ హాలుతో పాటే ఉలిక్కిపడ్డాను, మా పందెంలో చాలామంది డెమీ మూర్‌కి రాసుకున్నారు మరి. ఆ ఏడాది నామినేట్ అయిన పాటల్ని వేదిక మీద పాడించడం మానేశారు. మనకి ఓ రెండేళ్లు ఆలస్యమై ఉంటే రాహుల్, కాలభైరవ అక్కడ పాడేవాళ్లే కాదు.

అలారం పెట్టుకునేవాళ్లకి ఒక మాట. టైము ఏటా ఒకటే అనుకోకండి. 2023లో ఐదున్నర, 2024లో నాలుగున్నర, 2025లో మళ్లీ ఐదున్నర. అమెరికాలో గడియారాలు మార్చే ఆదివారం మార్చిలోనే పడుతుంది, దానికితోడు 2024 నుంచి వేడుకని గంట ముందుకి జరిపారు.

అయితే చూడొచ్చా అంటే, మీ ఇంటిని బట్టి. మాది గోడకి గోడ ఆనుకున్న అపార్ట్‌మెంటు, నాది సోమవారం పదింటికి వెళ్లే ఉద్యోగం, బావ ఫోన్ పక్కన పడేసే రకం కాదు. అందుకని నాకు టీవీ ఛానలే నయం. ఊరికి దూరంగా, గ్రూపులు లేకుండా ఒక్కరే ఉండేవాళ్లకి యాప్ హాయిగా సరిపోవచ్చు. మన సినిమా పోటీలో లేని ఏడాది అయితే రాత్రి పునఃప్రసారం చూసినా నాకు పెద్దగా పోయేదేం లేదు. 2029 నుంచి వేడుక యూట్యూబ్‌లో ప్రపంచమంతా ఉచితంగా వస్తుందట. అప్పుడు డల్లాస్‌లో బావకీ యాంటెన్నా ఉండదు, గుండ్రం ఆయన తెర మీద కూడా తిరగొచ్చు. ఆ ఒక్క విషయంలో మాత్రం నాకు ఇప్పటినుంచే తొందరగా ఉంది.