అలల అంచున టెంటా, చెట్ల చాటునా: ఏది మేలు?

సముద్రం ఒడ్డున ఉండే చిన్న పబ్లిక్ క్యాంప్‌గ్రౌండ్‌కి జనం లేని రోజుల్లో వెళ్తే కావాల్సిన సైట్ ఏరుకోవచ్చు. ముందు వరస ఖాళీ, వెనక వరస కూడా ఖాళీ. ముందు వరసలో అయితే టెంట్ జిప్ తీయగానే ఎదురుగా నీళ్లు. వెనక వరసలో చెట్లు, మధ్యమధ్యలో నీడ, అలల చప్పుడు తప్ప సముద్రం జాడ ఉండదు. చాలామంది ఆలోచించకుండా ముందుకే వెళ్లిపోతారు. ఇంత దూరం వచ్చిందే సముద్రం కోసం కదా అంటారు. నేను మాత్రం వెనక వరసకే ఓటేస్తాను. పగలంతా నీళ్ల దగ్గర ఎలాగూ ఉంటాం. టెంట్ ఉన్నది రాత్రి పడుకోవడానికి, వస్తువులు భద్రంగా పెట్టుకోవడానికి. ఆ రెండు పనులూ చెట్ల చాటునే బాగా జరుగుతాయి.

అన్నిటికంటే ముందు చూడాల్సింది గాలి. ఎండెక్కేకొద్దీ నేల తొందరగా వేడెక్కుతుంది, నీళ్లు అంత త్వరగా వేడెక్కవు. నేలమీది వేడిగాలి పైకి లేస్తే ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. మధ్యాహ్నం దాటాక ఇది జోరందుకుంటుంది, పొద్దు వాలాక తగ్గుతుంది. రాత్రి బాగా పొద్దుపోయాక నేల చల్లబడితే గాలి అటు తిరిగి నేల మీంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. సాయంత్రం దిగినవాళ్లకి ఇక్కడే మోసం జరుగుతుంది. వాళ్లు వచ్చేసరికి గాలి సద్దుమణిగి ఉంటుంది. నాలుగు మేకులు దిగ్గొట్టి, పక్క తాళ్లు సంచిలోనే వదిలేసి హాయిగా పడుకుంటారు. రాత్రి ఏమీ కాదు. మర్నాడు మధ్యాహ్నం ఒడ్డు వెంట నడకకు వెళ్లినప్పుడు గాలి లేస్తుంది, తిరిగొచ్చేసరికి టెంట్ ఉన్నచోట ఉండదు.

గాలి వేగం రెండింతలైతే టెంట్ మీద పడే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలికి చెక్కుచెదరని టెంట్ 40 కిలోమీటర్ల గాలికి కూడా నిలుస్తుందని అనుకోవద్దు. ముందు వరసలో ఆ గాలికి అడ్డం అంటూ ఏదీ ఉండదు. వెనక మూడు నాలుగు వరసల చెట్లు ఉంటే చాలు, దాని ఊపు చాలావరకు విరిగిపోతుంది. పైన కొమ్మలు ఊగుతూనే ఉంటాయి, కింద టెంట్ గుడ్డ మాత్రం నెమ్మదిగా కదులుతుంది. రాత్రంతా గుడ్డ టపటపా కొట్టుకునే చోట నిద్ర ఎలా ఉంటుందో ఒకసారి అనుభవించినవాళ్లకి చెప్పక్కర్లేదు.

గాలి తర్వాత ఇసుక. మామూలు సన్న మేకును పొడి ఇసుకలో గుచ్చి రెండు వేళ్లతో లాగి చూడండి, ఏ పట్టూ లేకుండా వచ్చేస్తుంది. తడి ఇసుక కొంచెం పట్టు ఇస్తుంది కానీ ఎండకి ఆరాక అదీ వదిలేస్తుంది. ముందు వరసలోనే ఉండాలనుకుంటే పొడవుగా, వెడల్పుగా ఉండే ఇసుక మేకులు కావాలి. అవి లేకపోతే గట్టి గుడ్డ సంచి ఒకటి తీసుకుని, ఇసుకతో నింపి, మెడకి టెంట్ తాడు కట్టి, మోచేయి లోతు గుంటలో పాతిపెట్టాలి. పైన ఇసుక పోసి, నీళ్లు చల్లి, కాలితో గట్టిగా తొక్కాలి. ఇలా కట్టిన తాడు ఊడి రావడం కష్టం. అయితే నాలుగు మూలలకీ, పక్క తాళ్లకీ ఇన్ని గుంటలు తవ్వాలంటే గంట పని. వెనక వరసలో మట్టి నేల కాబట్టి మామూలు మేకులే సరిపోతాయి. అక్కడి చిక్కల్లా వేళ్లు. మేకు వేరుకి తగిలి వంగుతుంది, పడుకుంటే వేరు నడుముకి గుచ్చుకుంటుంది. టెంట్ పరిచే ముందే అరచేత్తో నేలంతా తడిమి చూసుకుంటే సరిపోతుంది.

గాలి తప్పించుకోవడానికి కొందరు టెంట్‌ని ఇసుక దిబ్బల మధ్య పల్లంలోకి జరుపుతారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ దిబ్బలు నిలబడింది వాటిమీది గడ్డి, తీగల వేళ్ల వల్లే. ఆ మొక్కలు తొక్కుడుకి తట్టుకోలేవు. అవి పోయాక ఇసుక గాలికి లేచిపోతుంది, దిబ్బ కరిగిపోతుంది, దాని వెనక ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌కి రక్షణ కూడా పోతుంది. గుర్తు పెట్టిన సైట్‌లోనే వేసుకోవాలి.

పోటు సంగతి కూడా ముందు వరసవాళ్లదే. చాలా తీరాల్లో ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది. అందుకే రోజురోజుకీ పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ నీళ్లు మామూలుకంటే పైకి వస్తాయి. గాలి కూడా ఒడ్డువైపే తోస్తుంటే ఇంకాస్త పైకి. సైట్‌లు సాధారణంగా ఈ లెక్కలన్నీ చూసే వేస్తారు కాబట్టి సైట్‌లో ఉన్నంతవరకు టెన్షన్ అక్కర్లేదు. ‘ఇంకొంచెం ముందుకి’ అనుకుంటూ ఇసుకలోకి దిగినప్పుడే ప్రమాదం. ఒడ్డున నాచు, పుల్లలు, గవ్వలు గీతలా పేరుకుని ఉంటాయి. అలాంటి గీతలు రెండు మూడు కనిపిస్తే అన్నిటికంటే పైనున్న గీతను చూడాలి. నీళ్లు అక్కడిదాకా వచ్చాయని అర్థం.

ఇక తేమ. ఇందులో రెండు వరసలకీ చెరో లాభం ఉంది. ఆకాశం కిందే నేరుగా ఉన్న టెంట్ గుడ్డ రాత్రి తన వేడిని పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది, దానిమీద మంచు కురుస్తుంది. చెట్ల కింద కొమ్మలు కప్పులా ఉంటాయి కాబట్టి అంత మంచు పట్టదు. కానీ చెట్ల మధ్య గాలి ఆడదు. మన ఊపిరిలోని తేమే లోపలి గుడ్డకి చెమ్మగా అంటుకుంటుంది. ముందు వరసలో రెండు తలుపులూ కాస్త తెరిచి పెట్టుకుంటే గాలి ఆ తేమని తీసుకుపోతుంది. వెనక వరసలో కూడా గాలి కిటికీలు మూయకుండా, దోమతెర ఒక్కటే వేసుకుని పడుకోవాలి.

ఉప్పు మాత్రం ముందు వరసవాళ్లనే ఎక్కువ పట్టుకుంటుంది. అలల తుంపర టెంట్ మీద కంటికి కనిపించని పొరలా పేరుకుంటుంది. ఉప్పు గాలిలోని తేమని పీల్చుకుంటుంది కాబట్టి గుడ్డ ఎంత ఆరబెట్టినా జిగటగానే ఉంటుంది. జిప్ పళ్ల మధ్య ఉప్పూ ఇసుకా చేరితే అది ముందు బిగుస్తుంది, తర్వాత పళ్లు పట్టడం మానేస్తుంది. జిప్‌ని బలంగా లాగకుండా ముందు మెత్తటి బ్రష్‌తో దులపాలి. ఇంటికొచ్చాక టెంట్‌నీ కడ్డీల కీళ్లనీ మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి. ఇది ఏ వరసవాళ్లయినా చేయాల్సిందే, ముందు వరసవాళ్లు మాత్రం ఒక్కసారి కూడా మానకూడదు.

ముందు వరస ఖాయంగా గెలిచే విషయం దోమలు. గాలి ఆడుతుంటే దోమ సరిగ్గా ఎగరలేదు. గాలిలేని చెట్ల మధ్య, అందులోనూ దగ్గర్లో నిలవ నీళ్లుంటే, పొద్దు వాలే వేళ బయట కూర్చోవడమే కష్టం. కాళ్లు చేతులు కప్పే బట్టలు, ఒంటికి రాసుకునే మందు ఉండాల్సిందే. దోమల బాధ మరీ ఎక్కువగా ఉండే కాలమైతే నేను కూడా ముందు వరస వైపే మొగ్గుతాను.

చప్పుడు మనిషిని బట్టి ఉంటుంది. అలల హోరు ఒకరికి జోలపాట, ఇంకొకరికి జాగారం. ముందు వరసలో ఆ హోరు పక్క టెంట్‌వాళ్ల మాటల్ని కప్పేస్తుంది. వెనక అలలు మెత్తగా వినిపిస్తాయి కానీ కారు తలుపులు, టాయిలెట్ తలుపు, కుళాయి చప్పుడూ వినిపిస్తాయి. అందుకే టాయిలెట్ పక్క సైట్ వద్దు, టార్చి పట్టుకుని రెండు నిమిషాల్లో నడిచి వెళ్లేంత దూరంలో ఉంటే బాగుంటుంది.

చిన్నపిల్లలతో వెళ్తే నా దృష్టిలో ఇక పోటీ లేదు, వెనక వరసే. పిల్లలు పెద్దలకంటే ముందు లేస్తారు, జిప్ తీసుకోవడం వాళ్లకి వచ్చు. ఆ తలుపు నీళ్ల వైపు తెరుచుకోకూడదు.

చెట్ల కింద వేసేముందు తల పైకెత్తి చూడటం మర్చిపోవద్దు. ఎండిపోయి వేలాడే కొమ్మ ఉన్న చెట్టు కింద టెంట్ వద్దు, అది ఎంత మంచి సైట్ అయినా సరే. ఉరుములు మొదలైతే ఏ వరసలో ఉన్న టెంట్ అయినా రక్షణ ఇవ్వదు. పక్కా భవనంలోకో, లోహపు పైకప్పు ఉన్న కారులోకో వెళ్లి అద్దాలు మూసుకోవాలి. భూమి గట్టిగా, చాలాసేపు కంపించినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి తగ్గినా సామాన్లు చూసుకోకుండా ఎత్తైన చోటికి పోవాలి. ఆ దారి ఎటుందో దిగిన వెంటనే చూసిపెట్టుకోండి.

కారులోనే పడుకోవడం మూడో దారి. పెద్ద గాలివానకీ, నేలమీద పడుకుని లేవలేని పెద్దవాళ్లకీ అదే నయం. అద్దం కాస్త దించి దోమతెర పెట్టుకోవాలి. ఊరికే కారులో పడుకుందామంటే మాత్రం క్యాంపింగ్ సరదా సగం పోతుంది.

ముందు వరస తీసుకున్నవాళ్లు దీపం సంగతి కూడా చూసుకోవాలి. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమైతే ఇసుకలోంచి బయటికొచ్చిన పిల్లలు వెలుతురు ఉన్న వైపే వెళ్తాయి. సముద్రం వైపు వెళ్లాల్సినవి టెంట్ దీపం వైపు పాకుతాయి. అలాంటిచోట దీపం ఆర్పేయడం మేలు. తప్పనిసరైతే ఎర్ర దీపం, అదీ కిందికి వంచి. మంట వేసుకోనిచ్చే చోటైతే నిప్పుల మీద ఇసుక కప్పి వెళ్లిపోవద్దు. ఆ ఇసుక కింద వేడి గంటలకొద్దీ ఉంటుంది, చెప్పుల్లేకుండా పరుగెత్తే పిల్లల పాదాలు కాలేది అక్కడే. నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, చెయ్యి దగ్గర పెడితే వేడి తగలనంతవరకు ఆగాలి.

ఉండేది ఒక్క రాత్రి, పెద్దవాళ్లే, గాలి తక్కువని వాతావరణ సూచన, తక్కువ ఎత్తున్న టెంట్, సరైన మేకులు: ఇవన్నీ కుదిరితే ముందు వరస తీసుకోండి, బాధపడరు. రెండు మూడు రాత్రులుంటే మొదటి రాత్రి వెనక వరసలో గడిపి, మధ్యాహ్నం గాలి ఎలా ఉందో, పోటు ఎక్కడిదాకా వచ్చిందో ఒక రోజంతా చూడండి. నచ్చితే నిర్వాహకులకి చెప్పి ముందుకి మారండి. మేకులు లేకుండా తనంతట తాను నిలబడే టెంట్ అయితే విప్పక్కర్లేదు, లోపలి సామాను తీసేసి ఇద్దరు చెరోవైపు పట్టుకుని మోసుకెళ్లొచ్చు. పొద్దున్నే, గాలి లేవకముందే ఆ పని ముగించండి.