"7 రోజుల తీర యాత్ర" కరపత్రం మీ ఇంటికీ వచ్చిందా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

గుంటూరు, విజయవాడ వాళ్ళకి ముఖ్యంగా చెబుతున్నాను. దసరా సెలవుల టూర్ల కరపత్రాలు అప్పుడే న్యూస్ పేపర్లో పెట్టి వేస్తున్నారు. "బీచ్‌లు, గుళ్ళు, చర్చిలు, అన్నీ కలిపి మనిషికి 14,500" అనే రకం ఒకటి మీ గుమ్మంలో పడితే తొందరపడకండి. పోయిన సంక్రాంతి తర్వాత మేము 14 మందిమి వెళ్ళి వచ్చాం.

మాది గుంటూరు బ్రాడీపేట. రామేశ్వరం చూడాలని మా అమ్మకి ఎన్నాళ్ళ నుంచో కోరిక. పక్కింటి టీచరమ్మకి వేళాంగణి మాత మొక్కు ఉంది. మనవడి ఆపరేషన్ బాగా జరిగితే అక్కడ ఇసుక దారిలో మోకాళ్ళ మీద నడుస్తానని మొక్కుకున్నారు. పిల్లలకేమో సముద్రం కావాలి, సూర్యలంక చూసి చూసి విసుగొచ్చిందట. మూడూ ఒకే టూర్లో ఉన్నాయని మా లైన్లో నాలుగు ఇళ్ళ వాళ్ళం కలిశాం. విజయవాడలో ఆఫీసు. అద్దాల తలుపు, లోపల గోడకి దుర్గమ్మ పటం, పక్కనే మేరీమాత. నమ్మేశాం.

తలకి 5,000 అడ్వాన్స్ ఫోన్‌పేలో తీసుకున్నారు. కొట్టేటప్పుడు చూస్తే వచ్చింది ఆఫీసు పేరు కాదు, ఎవరో మనిషి పేరు. "మా బావమరిదే మేడమ్, అంతా ఒకటే" అన్నారు. అక్కడే ఆగాల్సింది. రసీదు అంటే తెల్ల కాగితం మీద ఒక అంకె, ఒక సంతకం. మిగతాది బస్సెక్కాక నగదు.

తడ దాటాక బస్సు రెండు గంటలు ఆగిపోయింది. తమిళనాడు పర్మిట్ టాక్స్ కట్టలేదట. తలా 300 వేసుకోమన్నారు. ఏసీ ఆపేశారు. అర్ధరాత్రి పసిపిల్లలతో ఎవరు గొడవ పడతారు? ఇచ్చాం. ఐదింటికి చేరాల్సిన మహాబలిపురం తొమ్మిదిన్నరకి చేరాం. సముద్రపు ఒడ్డున ఉన్న పల్లవుల గుడికి 1984లోనే యునెస్కో గుర్తింపు వచ్చింది, లోపలికి వెళ్ళాలంటే టికెట్ ఉంటుందని అందరికీ తెలుసు. "అన్నీ కలిపి" అన్నదాంట్లో ఆ టికెట్ లేదని అక్కడికెళ్ళాక తెలిసింది. సరే, అప్పటికి ఇంకా ఉత్సాహం ఉంది. గుడి ముందు అందరినీ నిలబెట్టి మేనేజర్ గ్రూప్ ఫోటో తీశాడు. ఆ ఫోటో సంగతి తర్వాత చెబుతాను.

పాండిచ్చేరిలో లాడ్జి. "త్రీ స్టార్ ఏసీ రూమ్" అన్నది ఆరుగురికి ఒక గది అయింది. పొద్దున బస్సులో మాతోపాటే వచ్చిన టూర్ వంటవాళ్ళు ఉప్మా చేసి, గిన్నెలు కడిగి, బస్సులోకి ఎక్కించేసరికి పదయింది. చిదంబరం చేరేసరికి పన్నెండుం పావు. నటరాజస్వామి గుడి తలుపులు మూసేశారు, మళ్ళీ తెరిచేది సాయంత్రమే. "గోపురం చూశారుగా, గోపుర దర్శనం కోటి పుణ్యం" అన్నాడు మేనేజర్. దారిలో టైరు పంక్చరైంది. స్టెప్నీ టైర్లో కూడా గాలి లేదు. వేళాంగణి చేరేసరికి రాత్రి పది, మాత చర్చి బసిలికా మూసి ఉంది. ఉదయం పూజ చూసుకుని, మొక్కు తీర్చుకుని వెళ్దామనుకుంటే ఐదింటికే బస్సు స్టార్ట్ చేశారు.

టీచరమ్మ బస్సు మెట్టు మీద నిలబడి దిగనిమ్మని అడిగారు. "ఒక్క గంట బాబూ, నేను ఇక్కడిదాకా వచ్చిందే దీనికోసం" అన్నారు. మేనేజర్ కిటికీ వైపు చెయ్యి చూపించి "చర్చి కనిపిస్తోంది కదమ్మా, ఇక్కణ్ణించే దణ్ణం పెట్టుకోండి" అన్నాడు. బస్సులో సగం మంది "రామేశ్వరానికి లేటవుతుంది" అని వాడికే వంత పాడారు. నిజం చెప్పాలంటే, మా అమ్మ రామేశ్వరం గుర్తొచ్చి నేనూ ఆ క్షణంలో నోరు మెదపలేదు. ఆవిడ కొవ్వొత్తులు సంచిలోనే ఉండిపోయాయి.

అంత తొందరపెట్టి రామేశ్వరం తీసుకెళ్ళింది ఒంటిగంటకి! ఆ గుడి ఒంటిగంట నుంచి మూడింటి దాకా మూస్తారు. మూడింటి తర్వాత లైన్లో నిలబడి అమ్మకి దర్శనం అయితే అయింది. 22 తీర్థాల స్నానానికి తలా 300 వసూలు చేశారు, దేవస్థానం టికెట్ చూస్తే 25 రూపాయలు. ధనుష్కోడి "టైము లేదు" అని కొట్టేశారు. 1964 తుఫానులో కొట్టుకుపోయిన ఊరు, శిథిలమైన చర్చి అక్కడే ఉంది. మర్నాడు మళ్ళీ అదే ఉప్మా, అదే పదింటి బయల్దేరడం. కన్యాకుమారి చేరేసరికి ఐదు కావొస్తోంది. వివేకానంద రాతికి పడవ టికెట్లు నాలుగింటికే ఆపేస్తారు. 133 అడుగుల తిరువళ్ళువర్ విగ్రహాన్నీ, పిల్లలు కలలు కన్న గాజు వంతెననీ ఒడ్డు నుంచి చూసి వచ్చాం. కోవళం బీచ్‌లో 40 నిమిషాలు. తిరువనంతపురంలో పద్మనాభస్వామి గుడికి మగవాళ్ళు పంచె కట్టి, చొక్కా విప్పి వెళ్ళాలని ముందు చెప్పినవాళ్ళు లేరు. అక్కడ పంచెలు అద్దెకి తెచ్చుకున్నాం.

ఇంటికొచ్చాక ఆ కరపత్రాన్నీ, గుళ్ళు తెరిచే వేళల్నీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. తప్పు డ్రైవర్‌దీ కాదు, ట్రాఫిక్‌దీ కాదు. పంక్చర్ తప్ప మిగతాదంతా ఆ కాగితంలో ముందే ఉంది. బస్సులోనే వంట సామాను పెట్టుకుని తిరిగేవాళ్ళు పొద్దున పది లోపు కదలలేరు. పదింటికి కదిలితే గుడి మూసే వేళకే చేరతారు. దక్షిణాది పెద్ద గుళ్ళు చాలావరకు మధ్యాహ్నం మూస్తారు, ఇది మనకి తెలియని సంగతేం కాదు. కానీ డబ్బు కట్టేటప్పుడు మాత్రం ఎవరం ఆలోచించలేదు. మీరు చేయాల్సింది ఇదే: రోజు వారీ ప్రోగ్రాం టైములతో సహా రాసిమ్మనండి. ఒక్కో ఊరికి దూరం ఎంతో, అక్కడ గుడి ఎప్పుడు తెరుస్తారో మీరే సరిచూసుకోండి. టైములు రాయం అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

"ఫ్రెషప్" అన్న మాట కనిపిస్తే రూమ్ కాదని అర్థం, పది మందికి ఒక బాత్రూమ్, ఒక గంట. "సందర్శన" అంటే దిగి చూడటం అనుకునేరు, కిటికీలోంచి చూసినా సందర్శనే. హోటల్ పేర్లు, గదికి ఎంతమంది, టికెట్లు ఎవరివి అన్నది కాగితం మీద ఉండాలి. బస్సు నంబర్ ముందే అడిగి ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో కొట్టండి, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ తేదీలు కనిపిస్తాయి.

ఇంకొకటి, ఇది డబ్బు కన్నా పెద్ద విషయం. మా బస్సు డిక్కీలో రెండు గ్యాస్ సిలిండర్లు ఉన్నాయి, పైన సీట్లలో మేము. 2023 ఆగస్టులో మదురైలో ఆగి ఉన్న యాత్రికుల రైలు పెట్టెలో సిలిండర్ వల్లే మంటలు లేచి 9 మంది చనిపోయారు. వేడి వేడి ఆంధ్రా భోజనం అని మురిసిపోయే ముందు ఆ వంట ఎక్కడ, దేనిమీద చేస్తున్నారో చూడండి.

మేము 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాం. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్తున్నాం. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ళలోపు వెయ్యాలి. ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, ఆ తెల్ల కాగితం, కరపత్రం దాచాం కాబట్టి సరిపోయింది. మీరూ ఏదీ పారెయ్యకండి. టీచరమ్మని వచ్చే నెల రైల్లో మేమే వేళాంగణి తీసుకెళ్తున్నాం.

ఆ ఫోటో సంగతి చెబుతానన్నాను కదా. మొన్న ఆదివారం పేపర్లో వాళ్ళ కొత్త కరపత్రం వచ్చింది. రేటు 15,500 అయింది. కింద "మా సంతృప్తి చెందిన యాత్రికులు" అని మహాబలిపురంలో తీసిన మా ఫోటోనే వేశారు. ముందు వరసలో ఆకుపచ్చ చీరలో నవ్వుతున్నది మా అమ్మ, పక్కన కొవ్వొత్తుల సంచి పట్టుకున్నది టీచరమ్మ.