పదిమందిలో చెప్పాలా, పక్కకు పిలిచి చెప్పాలా?

సింహాచలం గిరి ప్రదక్షిణ దగ్గర పడుతోందంటే చాలు, మజ్జిగ పందిళ్లు వేసే కుర్రాళ్లు, భజన మండళ్లు నడిపేవాళ్లు అడిగేది ఒకటే. సేవకు వచ్చినవాడు తప్పు చేస్తే అందరి ముందూ చెప్పాలా, చాటుగానా?

పదిమందిలో చెబితే లాభం లేకపోలేదు. ఒక్కసారికే అందరికీ తెలుస్తుంది. ఫలానావాణ్ని వెనకేసుకొస్తున్నారన్న మాట రాదు. చాన్నాళ్లు నేనూ అలాగే చేశాను.

ఒక ఏడాది ఆషాఢ పౌర్ణమి ముందు రాత్రి హనుమంతవాక దగ్గర మా పందిరి. కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్ల నడకకు బయల్దేరిన జనం ఒక్కసారిగా వచ్చిపడ్డారు. తొందరలో ఓ కుర్రాడు తాగిన గ్లాసునే డ్రమ్ములో ముంచాడు. నేను మైకులోనే కేకేశాను. దారినపోయేవాళ్లు కూడా ఆగి చూశారు. వాడు గరిటె డ్రమ్ము మూత మీద పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. మరుసటేడు వాడూ రాలేదు, వాడితో వచ్చే ఇద్దరూ రాలేదు.

నా మటుకు తేల్చేది ఇదే. జీతమిచ్చేచోట మాట పడ్డవాడు ఒకటో తారీకు కోసమైనా మర్నాడు వస్తాడు. సేవకుణ్ని రప్పించేవి భక్తి, మనమిచ్చే మర్యాద. అది పోతే ఒక్కోసారి గుడికే దూరమవుతాడు. గీత 17వ అధ్యాయం 15వ శ్లోకంలో మాట ఎదుటివాణ్ని కలవరపెట్టకూడదు, సత్యం, ప్రియం, హితం కావాలని ఉంది. ఆ రాత్రి నా మాటలో సత్యం, హితం ఉన్నాయి, మిగతా రెండూ లేవు. ఇప్పుడైతే ముందు గ్లాసు అందుకుని డ్రమ్ము పక్కకు జరుపుతాను. ఎందుకన్నది జనం పలచబడ్డాక టీ తాగుతూ చెబుతాను.

అలా చెప్పినా వినకపోతే? చర్చిలో యువజనుల పని చూసే మిత్రుడొకరు మత్తయి సువార్త 18వ అధ్యాయం చూపించారు. ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, అప్పటికీ కాకపోతే సంఘం ముందు. మా మండలిలోనూ ఇప్పుడు ఇదే వరస.

డబ్బు దగ్గర మాత్రం చాటు పనికిరాదు. చందా పుస్తకంలో తేడా వస్తే, ఎవరినీ వేలెత్తి చూపకుండా లెక్క అందరి ముందే చదవాలి. గుట్టుగా సర్దేస్తే ఏ పాపం ఎరగనివాడి మీదా అనుమానం మిగిలిపోతుంది.

వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి రాయడం వద్దు. చెప్పాపెట్టకుండా గ్రూపులోంచి తీసేయడం అసలే వద్దు.