హాలోవీన్ దెయ్యాలకు చీజ్‌క్లాత్: ఏ గ్రేడ్ కొనాలి?

అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్టోబర్ 31కి ఇంటి ముందు వెలిగే దెయ్యాలు వేలాడదీయాలనుకుంటే పాత దుప్పట్లు చించకండి, చీజ్‌క్లాత్ (వదులుగా నేసిన పల్చటి నూలు గుడ్డ) కొనండి. నాకు గ్రేడ్ 50 చాలా నచ్చింది. అంగుళానికి 28×24 దారాలే ఉంటాయి కాబట్టి లోపల పెట్టిన ఎల్‌ఈడీ వెలుతురు మెత్తగా బయటికి వస్తుంది, అంచులు చేత్తో లాగితే చాలు పీలికలుగా వేలాడతాయి, దెయ్యానికి కావాల్సింది అదే కదా! గ్రేడ్ 90లో 44×36 దారాలు, ఒత్తుగా ఉంటుంది. గంజి పెట్టి బెలూన్ మీద ఆరబెడితే ఆకారం బాగా నిలుస్తుంది గానీ ఒక పొర మించితే వెలుగు తగ్గిపోతుంది.

బ్లాక్‌లైట్ (అతినీలలోహిత కాంతినిచ్చే దీపం) కింద మెరవాలంటే మాత్రం తెల్లగా బ్లీచ్ చేసిందే తీసుకుని, ఆప్టికల్ బ్రైటెనర్లు ఉన్న డిటర్జెంట్ నీళ్లలో నానబెట్టి, ఎక్కువ జాడించకుండా ఆరేయండి. ఆ బ్రైటెనర్లే అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలం వెలుగు ఇస్తాయి. బ్లీచ్ చేయని క్రీమ్ రంగు గుడ్డ డల్‌గా ఉంటుంది, దానికి డబ్బులు పెట్టొద్దు.

వాన పడితే గంజి దెయ్యాలు తడిసి జారిపోతాయి, చెట్లకు కట్టాలంటే పాలిస్టర్ టల్ (సన్నటి వల లాంటి గుడ్డ) మేలు. ఏ గుడ్డైనా సరే లోపల నిజం కొవ్వొత్తి అస్సలు పెట్టొద్దు, ఇంత పల్చటి నూలు ఇట్టే అంటుకుంటుంది.