మచ్చు చూసి కొన్న టీ: డార్జిలింగ్, కుర్సియాంగ్‌లలో ఆరు రోజులు

"ఈ ఏడాది మస్కటెల్, మేడమ్. నిన్ననే తోట నుంచి వచ్చింది" అంటూ డార్జిలింగ్ బజారులో ఒక కొట్టతను బంగారు రంగు డబ్బా నా చేతిలో పెట్టాడు. అప్పటికి ఏప్రిల్ మూడో వారం. మస్కటెల్ అనే ఆ ద్రాక్షపండు వాసన వచ్చేది రెండో కోత ఆకులో. ఆ కోత మే నెలాఖరుకు గాని మొదలవదు. మన పత్తికి పట్టే పచ్చదోమ, మిర్చికి పట్టే తామరపురుగు జాతులవే అక్కడ తేయాకు రసం పీలుస్తాయి. ఆ దెబ్బకు మొక్క తనను తాను కాచుకునే క్రమంలో ఆకులో ఆ వాసన పుడుతుంది. ఏప్రిల్‌లో ఈ ఏడాది మస్కటెల్ అమ్మడమంటే సంక్రాంతికి ఈ ఏడాది బంగినపల్లి అమ్మడమే. డబ్బా తిరిగి ఇచ్చేశాను.

రెండు రోజుల ముందైతే కొనేసేదాన్ని. నిజానికి మొదటిరోజు దారిలో అలాగే కొన్నాం కూడా.

గుంటూరు నుంచి నేను, మావారు, మిర్చి యార్డులో ముప్పయ్యేళ్లు కమీషన్ కొట్టు నడిపిన మా పెదనాన్న బయల్దేరాం. విజయవాడలో రైలెక్కి హౌరాలో దిగి, సియాల్దాలో రాత్రి డార్జిలింగ్ మెయిల్ పట్టుకుంటే తెల్లారి న్యూ జల్‌పాయ్‌గుడి. అక్కణ్నుంచి జీపు. షేర్ జీపు చవకే కానీ వెనక సీట్లో మోకాళ్లు ముడుచుకుని నాలుగు గంటలు కూర్చోవడం పెద్దవాళ్లకు కష్టం. మేం ముందు వరుస సీట్లన్నీ మాట్లాడుకున్నాం, ఆ డబ్బు దండగ అనిపించలేదు.

కొండ ఎక్కకముందే, సుక్నా చుట్టుపక్కల రోడ్డుకు రెండు వైపులా తేయాకు తోటలు కనిపిస్తాయి. డ్రైవరు అక్కడే ఒక కొట్టు ముందు ఆపాడు. ప్యాకెట్ మీద డార్జిలింగ్ అని పెద్దక్షరాలు, చిరునామాలో జిల్లా డార్జిలింగ్. ఇంకేం కావాలనుకుని రెండు ప్యాకెట్లు తీసుకున్నాం. ఆ నేల తరాయి అని, అంటే కొండ కింది మైదానమని తర్వాత తెలిసింది. జిల్లా డార్జిలింగే, కానీ అక్కడి ఆకు డార్జిలింగ్ టీ కాదు. 2004లో మన దేశంలో మొట్టమొదటి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ, ఈ టీకే దక్కింది. మన తిరుపతి లడ్డూకు 2009లో, బంగినపల్లి మామిడికి 2017లో వచ్చింది కూడా ఇదే. ఆ గుర్తింపు ప్రకారం డార్జిలింగ్ అనే పేరుకు హక్కున్నవి 87 తోటలు మాత్రమే. ప్యాకెట్ మీద చిరునామా చూసి నమ్మడం మేం చేసిన మొదటి తప్పు.

డార్జిలింగ్‌లో చౌరస్తాకు దగ్గరగా హోటల్ తీసుకున్నాం. కిటికీలోంచి ఒక్క ఉదయం కాంచన్‌జంగ నిండుగా కనిపించింది, దానికోసం ఎంతిచ్చినా ఇవ్వొచ్చు. నీళ్లకు మాత్రం ఆ ఊళ్లో నిజంగా కటకట. వేడినీళ్లు పొద్దున గంటసేపే ఇచ్చారు. గది తీసుకునేముందు ఆ సంగతి అడిగి తీరాలి.

చౌరస్తా దగ్గరి పాత టీ కొట్లు చూశాక నాకు ఆ ఊరి మీద గౌరవం పెరిగింది. అక్కడ ఆకు చూపించి, కాచి, తాగించి అమ్ముతారు. పెదనాన్నకు అక్కడ ప్రాణం లేచొచ్చింది. "అమ్మాయ్, బస్తా విప్పించకుండా మిర్చి కొంటామా? మచ్చు చూడందే బేరమే లేదు" అని స్టూలు లాక్కుని కూర్చున్నారు. కొట్టాయన మూడు గిన్నెల్లో మూడు రకాలు కాచి ఇచ్చారు. మొదటి కోత టీ లేత పసుపు రంగులో పూలవాసనతో ఉంది. చివర నాలుక మీద కొంచెం వగరు. పాలు, పంచదార లేవు. ఇంట్లో డస్ట్ టీకి అలవాటుపడ్డ నోటికి మొదటి గుక్క పల్చగా అనిపించినా, మూడో గుక్కకు వదలాలనిపించలేదు.

ఆయన చెప్పిన ఒక్క విషయం మాకు చాలా ఉపయోగపడింది. తోటల్లో తయారైన టీని విడతలుగా లాట్లు కడతారు, ఒక్కో లాట్‌కు ఒక నంబరుంటుంది. ఆ ఏడాది తోటలో కట్టిన మొదటి లాట్ డీజే-1, తర్వాతిది డీజే-2, అలా వరసగా. తోట పేరు, ఏ కోత, ఏ ఏడాది, లాట్ నంబరు అడిగితే నిజమైన వ్యాపారి తడుముకోకుండా చెబుతాడు. తడుముకుంటే లేచి వచ్చేయడమే. ఇవి కాక ప్యాకెట్ మీద టీ బోర్డు ముద్ర ఉండాలి: గుండ్రటి గీతలో పక్కకు తిరిగిన స్త్రీ ముఖం, చేతిలో రెండాకులు ఒక మొగ్గ. ముద్రను అచ్చేయడం ఎవరికైనా తేలికే కాబట్టి అదొక్కటే చూసి ఊరుకోకూడదు.

తర్వాతి రెండు రోజులు కుర్సియాంగ్ దగ్గర మకైబారిలో ఉన్నాం. 1859 నాటి తోట అది. అక్కడ కార్మికుల ఇళ్లల్లోనే హోమ్‌స్టేలు నడుస్తాయి. గది చిన్నది, మంచం గట్టిది, కానీ ఇంటావిడ పెట్టిన వేడివేడి పప్పన్నం, రాయి సాగ్ అనే ఆవాకు కూర హోటల్ భోజనం కంటే ఎంతో నయం. టీ కోసమే వెళ్లేవాళ్లు డార్జిలింగ్‌లో ఒక రాత్రి తగ్గించుకుని కుర్సియాంగ్‌లో ఉండటం మేలని నా గట్టి అభిప్రాయం.

ఫ్యాక్టరీలో కోసిన ఆకును రాత్రంతా గాలికి వాడబెడతారు. తర్వాత నలిపి, రంగు మారడానికి పరిచి, ఆరబెడతారు. ఒక కిలో టీకి సుమారు నాలుగున్నర కిలోల పచ్చాకు కావాలి. మొదటి కోత ఆకును బాగా ఎక్కువగా వాడుస్తారు కనుక తయారైన టీలో పచ్చ, గోధుమ రంగులు కలిసి ఉంటాయి. ఫస్ట్ ఫ్లష్, అంటే మొదటి కోత, అని రాసి లోపల ఏకరీతిగా నల్లటి పొడి ఉంటే అనుమానించాల్సిందే. ఫ్యాక్టరీ చూడాలనుకుంటే సోమవారం వద్దు. ఆదివారం ఆకు కోయరు కాబట్టి ఆ రోజు పెద్దగా పని కనిపించదు.

మిరిక్ వెళ్లే దారిలో గుర్తింపు కార్డులు చూపించి సరిహద్దు దాటి నేపాల్‌లోని పశుపతినగర్ బజారుకు వెళ్లాం. అక్కడ తమ ఇలాం జిల్లాలో పండిన ఆకును ఇలాం టీ అని సొంత పేరుతోనే అమ్ముతున్నారు. ధర తక్కువ, రుచి చాలా బాగుంది. సందేహం లేకుండా కొన్నాం. ఆ టీలో ఏ లోపమూ లేదు. దాన్ని కొండ ఇవతలికి తెచ్చి డార్జిలింగ్ పేరు తగిలించేవాళ్లతోనే గొడవ. దిగుమతి టీని డార్జిలింగ్ టీలో కలపొద్దని టీ బోర్డు 2021లో ఆదేశించింది. ఒకప్పుడు ఏటా కోటి కిలోలు దాటిన డార్జిలింగ్ టీ ఇప్పుడు 70 లక్షల కిలోల లోపే తయారవుతోంది. కొట్టు కొట్టుకూ ఆ పేరుతో గుట్టలు కనిపించినప్పుడల్లా, మకైబారిలో మేమున్న ఇంటావిడ మంచులో తడుస్తూ బుట్ట మోసి కోసిన ఆకు గుర్తొచ్చి నాకు కడుపు మండింది.

ఇంటికొచ్చాక మూడూ పక్కపక్కన పెట్టాం: దారిలో కొన్నది, ఇలాం టీ, తోటలో కొన్న మొదటి కోత. తడిపిన కాగితం మీద ఆకు చల్లి చూస్తే దేనికీ రంగు దిగలేదు. రంగు కలిపితే ఆ పరీక్షలో మరక తేలుతుంది, కానీ పేరు మార్చి అమ్మితే తేలదు. కప్పుకు చెంచాడు ఆకు, మరిగి కాస్త చల్లారిన నీళ్లు, మూడు నిమిషాలు. దారిలో కొన్నది నిమిషంలోనే ఎర్రగా మారి మనం రోజూ తాగే టీ వాసనే వచ్చింది. చెడ్డ టీ కాదు, పాలు పోసి తాగేశాం. మేం ఇచ్చింది మాత్రం దాని విలువకు మూడింతలు.

డల్లాస్‌లో ఉన్న మా చెల్లి ఆన్‌లైన్‌లో డార్జిలింగ్ టీ తెప్పించుకుంటుంది. దానికి ఫోన్ చేసి ప్యాకెట్ మీద తోట పేరేముందో చదవమన్నాను. పేరే లేదట, హిమాలయన్ బ్లెండ్ అని మాత్రం ఉందట. తోట పేరు, కోత, లాట్ వివరాలు పెట్టే తోటల సొంత సైట్లలోనే కొనుక్కోమన్నాను. పెదనాన్న మాత్రం జూన్‌లో రెండో కోత టీ రాగానే పావుకిలో తెప్పించమని అప్పుడే నా చేతిలో డబ్బు పెట్టేశారు.