ఎరిథ్రిటాల్ మిశ్రమమా, అల్యులోజ్ మిశ్రమమా?

చక్కెర లేని బేకింగ్ కోసం ఇంట్లోనే తీపి పొడి కలుపుకునేవారు సాధారణంగా చక్కెరకు బదులు వాడే తీపి పదార్థాలైన ఎరిథ్రిటాల్‌నో అల్యులోజ్‌నో ఆధారంగా తీసుకుంటారు. రెండింటి తీపీ చక్కెరలో దాదాపు 70 శాతమే కనుక, మిగిలిన లోటును చక్కెర కంటే 200 నుంచి 300 రెట్లు తియ్యగా ఉండే స్టీవియా ఆకుల సారంతో పూడ్చుకోవాలి. 100 గ్రాముల పొడికి 0.1 నుంచి 0.15 గ్రాముల శుద్ధ సారం సరిపోతుంది. ఇంత చిన్న బరువును వంటింటి త్రాసు పట్టలేదు కాబట్టి, కిలో పొడికి ఒక గ్రాము చొప్పున ఒకేసారి కలిపి మిక్సీలో మెత్తగా తిప్పుకోవడం మేలు. సారం మోతాదు మించితే చేదు తేలుతుంది, ఆ చేదును ఏ వెనిలా కప్పిపుచ్చలేదు.

అసలు తేడా ఓవెన్‌లో బయటపడుతుంది. ఎరిథ్రిటాల్‌కు వేడి తగిలినా రంగు తిరగదు. చల్లారాక అది మళ్ళీ స్ఫటికాలుగా గట్టిపడి, నాలుకపై పుదీనా తిన్నప్పటి చల్లదనాన్ని వదులుతుంది. కరకరలాడే బిస్కెట్లకు ఈ గట్టిదనం కలిసివస్తుంది గాని, కేకులో, ముఖ్యంగా సాస్‌లో, పంటికింద ఇసుకలా తగులుతుంది. అల్యులోజ్ తేమను పట్టి ఉంచుతుంది, చక్కెర కంటే త్వరగా ఎర్రబడుతుంది. అందువల్ల కేకు మెత్తగా వస్తుంది, బిస్కెట్ మాత్రం మెత్తబడిపోతుంది. ఓవెన్ వేడిని 10 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ తగ్గించి, మధ్యలో ఒకసారి చూడకపోతే అంచులు మాడతాయి.

కేలరీలు గ్రాముకు ఎరిథ్రిటాల్‌లో 0.2, అల్యులోజ్‌లో 0.4 మాత్రమే కనుక వాటిని బట్టి ఎంచుకోవలసిన పని లేదు. అల్యులోజ్ ఎక్కువగా తింటే కొందరికి కడుపు ఉబ్బరిస్తుంది. కేకులకు నేను అల్యులోజ్‌నే ఎంచుకుంటాను; బిస్కెట్లకు ఎరిథ్రిటాల్‌ను, అదీ పొడి చేశాకే, వాడతాను.